రీడ్‌మీ చదివింపులు

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పేరు రాయించుకోవాలంటే చేతిలో కనీసం నూటపదహార్లు ఉండాలి. ఉత్త చేతుల్తో వచ్చి "మాది పిడుగురాళ్ళండీ, పేరు రాసుకోండి" అని బంతికి పరిగెత్తేవాణ్ణి, పుస్తకం ముందు కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు మీంచి ఒక చూపు చూస్తాడు. ఇన్నాళ్ళూ మనల్ని అదుపులో పెట్టింది ఆ చూపే.

ప్రోగ్రామర్లు కోడ్ పెట్టి అందరితో పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ఆ పెద్దాయన లేడు. అందుకే బెంగళూరు మారతహళ్ళిలో ఒక కొత్త శాస్త్రం పుట్టింది.

దాని పేరు ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్, అంటే ఎవరైనా చదివి, వాడి, మార్చుకోగల కోడ్‌కు మనవంతు చేర్పు. ఆంధ్రా మెస్ పై అంతస్తులో, రెండు ఆదివారాలు, సర్టిఫికెట్ ఫీజులో కలిపే. ప్రయోగ విధానం ఇది: లోకమంతా వాడే ప్రాజెక్టు ఒకటి తెరవాలి. ఫోర్క్ నొక్కి సొంత నకలు తీసుకోవాలి. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు మీద పెన్సిల్ బొమ్మ నొక్కాలి. అట్టడుగుకు వెళ్ళి తన పేరు రాయాలి. సిగ్గు అడ్డొస్తే ఒక చుక్క పెట్టినా చెల్లుతుంది. మార్పును భద్రపరిచే కమిట్ సందేశంలో గిట్‌హబ్ తానే "అప్‌డేట్ రీడ్‌మీ" అని రాసిపెడుతుంది, దాన్ని కదపరాదు. ఈ మార్పు మీ ప్రాజెక్టులో కలుపుకోండని పుల్ రిక్వెస్టు పంపాలి. నాలుగు నిమిషాలు. లింక్డిన్‌లో "ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్" అని చేర్చడానికి ఇంకో రెండు. కోడ్ దించుకోవడం, బిల్డ్ చేయడం, టెస్టులు నడపడం లాంటి మూఢాచారాలు ఈ సంప్రదాయంలో లేవు.

దీనికి ఘనమైన పూర్వచరిత్ర ఉంది. 2020 అక్టోబరులో, హాక్టోబర్‌ఫెస్ట్ పేరుతో, నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్టు అని డిజిటల్ ఓషన్ కంపెనీ ప్రకటిస్తే, కనబడ్డ ప్రతి రీడ్‌మీ నెత్తినా "అమేజింగ్ ప్రాజెక్ట్" అన్న శీర్షిక మొలిచింది. అక్టోబరు 3కల్లా, ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపితేనే లెక్క అని నిబంధన మార్చారు. 2023లో టీషర్టే ఎత్తేశారు. అయినా భక్తి తగ్గలేదు. 2024 మొదట్లో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు ఒక వీడియో పాఠంలో ఉదాహరణగా కనబడిన పాపానికి, దాని రీడ్‌మీకి పేర్ల వరద వచ్చింది.

ఇక తరగతిలోకి వెళ్దాం. అరవై మంది, ఒకే వైఫై, సాధన కోసం సారు తెరిచిన ఒకే రిపాజిటరీ, అంటే ప్రాజెక్టు ఫైళ్ళ గూడు. అరవై మందీ ఒకే రీడ్‌మీకి ఒకే చోట, అట్టడుగున, పేరు చేర్చారు. మొదటి పేరు మెర్జ్ అయింది, అంటే అసలు ఫైల్లో కలిసింది. మిగిలిన 59, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బళ్ళలా, కాన్‌ఫ్లిక్ట్‌లో ఇరుక్కున్నాయి. ఒకే చోట ఇద్దరు రాస్తే ఎవరిది పైన, ఎవరిది కింద అన్నది మార్పుల లెక్క చూసే గిట్ తేల్చదు, అది మనిషి తేల్చాలి. తేల్చి చెరిపెయ్యమని ఆ చోట బాణం గుర్తులు పెట్టి ఊరుకుంటుంది. పైగా చివరి పంక్తి తర్వాత ఎంటర్ కొట్టకుండా వదిలేసిన మహానుభావుడి వల్ల, కింద ఎవరు ఏం చేర్చినా ఆయన పేరు కూడా మార్చినట్టే గిట్ లెక్కేస్తుంది.

"సార్, మధ్యలో ఈ బాణాలేంటి సార్?"

"అవి గిట్ డిజైనమ్మా, ఉంచెయ్. గిట్ యాడ్ చుక్క, గిట్ కమిట్. కొట్టు."

కొట్టింది. గిట్ కిమ్మనలేదు. కాన్‌ఫ్లిక్ట్ తీరిందా లేదా అని అది ఫైలు చదివి చూడదు, యాడ్ చేశావంటే తీరినట్టే. ఇప్పుడు రీడ్‌మీలో పుంగనూరు కుర్రాడి పేరుకు పైన ఏడు బాణాలు, పలాస అమ్మాయి పేరుకు కింద ఏడు బాణాలు, ఇద్దరి నడుమ వాటాలు పంచుకున్న అన్నదమ్ముల ప్రహరీలాగా ఏడు ఈజ్ఈక్వల్టూ గుర్తులు. మూడోవాడు ఇదేదో బార్డరు అనుకున్నాడు. తన పేరుకు తనే బాణాలు టైపు చేసుకున్నాడు, తొమ్మిది. కలిసొచ్చే సంఖ్యట. ఇంకొకడు చిన్నబోయాడు.

"సార్, నాకు బాణాలు రాలేదు సార్."

"నువ్వు ఫస్టు మెర్జ్ అయ్యావు నాన్నా, నీకు రావు."

"ఫీజు అందరితో సమానంగానే కట్టాను కద్సార్."

సారు మనసున్న మనిషి. వాడికి కూడా పెట్టించారు. తరగతి మొత్తం పాస్. అసలు ప్రాజెక్టుల మీద ఇదే ప్రయోగం ఇంటిపని.

ఆ ఇంటిపని ఎవరి ఇంటికి చేరుతుందో చూడండి. పుల్ రిక్వెస్టు పడగానే ఆ ప్రాజెక్టును వాచ్‌లో పెట్టుకున్న వాళ్ళందరికీ కబురు వెళుతుంది. టెస్టులు నడపడానికి గిట్‌హబ్ ఉచితంగా ఇచ్చిన మెషిన్ల మీద కొందరు క్రిప్టో తవ్వుకోవడంతో, 2021 ఏప్రిల్ నుంచి కొత్తవాళ్ళు పంపినదానికి టెస్టులు నడవాలంటే మెయింటెయినర్, అంటే ప్రాజెక్టును చూసుకునే మనిషి, అనుమతి నొక్కాలి. తెరవాలి, చూడాలి, పేరే కదా అని మూయాలి, స్పామ్ అని చీటీ అంటించాలి. తలా రెండు నిమిషాలే అనుకుందాం. అరవై మందికి రెండు గంటలు.

ఆ రెండు గంటలు ఎవరివి? ఉద్యోగం చేసి ఇంటికొచ్చి, జీతం లేకుండా, పిల్లలు పడుకున్నాక కూర్చున్న మనిషివి. లినక్స్ సిస్టమ్‌లలో ఫైళ్ళు కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీని లాసె కాలిన్ ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా మోశాడు. 2022లో కొత్త వెర్షన్ ఏదీ అని మీదపడితే, మానసికంగా బాగోలేదు, ఇది జీతంలేని పని, గుర్తుంచుకోండి అని బహిరంగంగానే చెప్పుకున్నాడు. సాయం చేస్తానని ముందే చేరినవాడు ఆ తర్వాత ఇంకా దగ్గరయ్యాడు, మెయింటెయినర్ అయ్యాడు, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. 2024 మార్చి 29న అది బయటపడిందంటే, లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఊరుకోకుండా తవ్వబట్టి. లినక్స్ మీద కోట్లు గడించే కంపెనీలు అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా అద్దాల మేడలు కట్టుకున్నాయి కదా, ఒక్కరైనా వచ్చి "నువ్వెళ్ళి పడుకో, ఈ పూట గరిటె నేను తిప్పుతా" అన్నారా? వంటవాడు కూలబడితే చెయ్యందించడానికి దొంగ తప్ప దిక్కులేని పెళ్ళి ఇది! తిన్నవాళ్ళకు సిగ్గుండక్కర్లేదా?

ఇదే ఊళ్ళో జెరోధా అనే షేర్ల బ్రోకరేజి కంపెనీ 2024లో ఇలాంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్ల నిధి పెట్టింది. మిగతా మేడల్లో పెట్టినవి ఇంటర్వ్యూలు. "మీ గిట్‌హబ్ పచ్చగా ఉందా?" అని అడుగుతారు, ఒక్క పుల్ రిక్వెస్టు తెరిచి చదవరు. పనిచేసిన ప్రతి రోజుకూ ప్రొఫైల్లో ఒక పచ్చ గడి పడుతుంది. ఆ పచ్చ గళ్ళు కమిట్‌లో రాసిన తేదీని బట్టి పడతాయి, ఆ తేదీ ఎవరిష్టం వాళ్ళు రాసుకోవచ్చు. చిన్న స్క్రిప్టుతో ఏడాది మొత్తానికి సంక్రాంతి ముగ్గు వేసుకోవచ్చు. కాబట్టి అప్పు చేసి ఫీజు కట్టిన పలాస పిల్లను నేను తిట్టను. అడిగినవాడికి అడిగిందే ఇచ్చింది.

నూటపదహార్లంటే ఏమిటో మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ పట్టించుకోని పాత బగ్ ఒకటి తీసుకుని, తాజా వెర్షన్లో మళ్ళీ రప్పించి, ఏ వెర్షను, ఏ ఓఎస్, ఏ మెట్లు, ఎర్రర్ మొత్తం అక్షరం పోకుండా రాస్తే చాలు. ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు చెడిందా, గిట్ బైసెక్ట్ ఉంది. వెయ్యి కమిట్‌లున్నా సగానికి సగం కోసుకుంటూ పది మెట్లలో పాడుచేసిన కమిట్‌ను పట్టిస్తుంది. ఫెయిలయ్యే టెస్టు ఒకటి రాసిస్తే మెయింటెయినర్ చేతులెత్తి దండం పెడతాడు. దీనికి ఒక రాత్రి పడుతుంది, సర్టిఫికెట్ రాదు. కనుక సిలబస్‌లో లేదు.

సిలబస్ మాత్రం ఆగలేదు. అడ్వాన్స్‌డ్ కోర్సులో ఏఐతో సెక్యూరిటీ రిపోర్టులు రాయిస్తారు, లేని ఫంక్షన్లో లేని లోపం. ఈ తరహా సాహిత్యం చదవలేకే, ఇంటర్నెట్లో డేటా పంపడానికి, దించుకోవడానికి వాడే కర్ల్ ప్రాజెక్టు 2019 నుంచి ఇస్తున్న బగ్ బహుమతులను 2026 జనవరితో ఆపేసింది. సారుకు ఆ కబురు ఇంకా అందలేదు.

వచ్చే ఆదివారం కొత్త బ్యాచ్. ఈసారి లైసెన్స్ ఫైలు కూడా నేర్పుతారట. కాపీరైట్ అన్న మాట పక్కన బోలెడంత ఖాళీ ఉందని సారు గమనించారు.