ముందు సెలైన్ మీద గెలిచి చూపించండి

మోకాళ్ల అరుగుదలకు వేసే పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువుండే ప్లాస్మా), స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల మీద ఎవరైనా చిన్న అనుమానం వెలిబుచ్చితే చాలు, కింద కామెంట్లలో వచ్చే జవాబు ఒకటే. "మా అమ్మకి వేయించాం, ఇప్పుడు మెట్లెక్కుతోంది. మీ పరిశోధనలు మీ దగ్గరే ఉంచుకోండి." ఆ అమ్మగారికి నొప్పి తగ్గలేదని ఎవరన్నారండీ? తగ్గింది, నిజంగానే తగ్గింది. సిరంజిలో ఉన్న పదార్థం వల్లే తగ్గిందా అన్నదొక్కటే ఇక్కడ తేలాల్సిన సంగతి. అది అమ్మగారిని అడిగితే తేలదు, సూది వేసిన డాక్టరును అడిగినా తేలదు. అదే సూదితో, అదే కీలులోకి ఉత్త సెలైన్ ఎక్కించుకున్న ఇంకో గుంపును పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

అలా చూశారు కూడా. 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్, పేరు రిస్టోర్. 50 ఏళ్లు దాటి, మోకాలి అరుగుదల మొదటి, మధ్య దశల్లో ఉన్న 288 మందిని తీసుకున్నారు. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు, మిగతా సగానికి మూడు సెలైన్ ఇంజెక్షన్లు. ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత 10 పాయింట్ల నొప్పి కొలతలో పీఆర్‌పీ వాళ్లకు 2.1 తగ్గింది, సెలైన్ వాళ్లకు 1.8. ఎంఆర్‌ఐలో లోపలి వైపు గుజ్జు (ఎముకల చివర ఉండే మృదులాస్థి) పరిమాణం పీఆర్‌పీ గుంపులో 1.4 శాతం, సెలైన్ గుంపులో 1.2 శాతం తగ్గింది. పెరగడం మాట అటుంచండి, అరుగుదల ఆగనైనా లేదు.

ఇందులో అసలు విశేషం ఆ 1.8. ఉప్పునీళ్లకు అంత నొప్పి ఎలా తగ్గిందంటే కారణాలు చాలానే ఉన్నాయి, ఏదీ మాయ కాదు. ఈ నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, కొన్ని వారాలు ఉధృతంగా ఉంటుంది, కొన్ని వారాలు సర్దుకుంటుంది. మనిషి ఇంజెక్షన్ దాకా వెళ్లేది ఉధృతంగా ఉన్న వారంలోనే, కాబట్టి ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా కొంత దిగుతుంది. పైగా పీఆర్‌పీకి ముందు కొన్ని రోజులు నొప్పి మాత్రలు ఆపమంటారు, ప్లేట్‌లెట్ల పని దెబ్బతింటుందని. అంటే "ముందు నొప్పి ఎంత?" అని అడిగేది మాత్రలు మాని అవస్థపడుతున్న రోజున. తర్వాత అడిగేది మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక. దీనికి తోడు కొన్నాళ్లు విశ్రాంతి, ఆపైన వ్యాయామాలు. కళ్లముందే తన రక్తం తీసి, మిషన్లో తిప్పి, స్కాన్ చూస్తూ లోపలికి ఎక్కించారన్న నమ్మకం సరేసరి. వీటన్నిటి ఫలితాన్నీ సిరంజి ఖాతాలో వేసేస్తున్నాం.

పీఆర్‌పీ సమర్థకుల దగ్గర ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. రిస్టోర్‌లో వాడిన పీఆర్‌పీ పలచన, ప్లేట్‌లెట్ల మోతాదు చాలలేదు, అసలైన మోతాదు ఇస్తే ఫలితం వేరుగా ఉంటుందంటారు. కావచ్చు. అయితే ఆ మాట అన్నవాళ్లు రెండో సగం కూడా ఒప్పుకోవాలి. ఏ మోతాదు అసలైనదో తేలకుండానే ఇన్నేళ్లుగా అమ్ముతున్నారని.

పీఆర్‌పీ అంటే ఒక మందు అనుకుంటాం కానీ, అదొక తయారీ పద్ధతి. చేతి నరం నుంచి రక్తం తీస్తారు, కిట్‌ను బట్టి 15 మిల్లీలీటర్లు కావచ్చు, 60 కావచ్చు. గడ్డకట్టకుండా సిట్రేట్ ఉన్న ట్యూబులో పట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పచ్చటి ప్లాస్మా పైకి తేలుతుంది, రెంటి మధ్య సన్నటి తెల్లపొర ఏర్పడుతుంది. ఆ పొరను కూడా లాగితే ప్లేట్‌లెట్లు బాగా వస్తాయి, వాటితో తెల్లకణాలూ వచ్చేస్తాయి. పొర తగలకుండా పైనుంచి మాత్రమే తీస్తే తెల్లకణాలు రావు, ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. ఎంతసేపు తిప్పారు, ఎంత వేగంతో తిప్పారు, ఒకసారా రెండుసార్లా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అసలు మనిషి రక్తంలోనే ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు లక్షన్నర ఉన్నా మామూలే, నాలుగున్నర లక్షలున్నా మామూలే. మొదట్లోనే మూడు రెట్ల తేడా! ఇద్దరు మనుషులకు "పీఆర్‌పీ" అని రాసి ఎక్కించిన రెండు సిరంజిల్లో ఉన్నది ఒకటే అనుకోవడానికి ఆధారం లేదు. వేయించుకునే ముందు "నా సిరంజిలో ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి, లెక్కపెట్టారా?" అని అడిగి చూడండి. మోతాదు గురించి వాదించేవాళ్లు కనీసం మోతాదు కొలవాలి కదా.

స్టెమ్ సెల్స్ కథ ఇంకా పొట్టిది. 2023లో నేచర్ మెడిసిన్‌లో మైల్స్ అనే ట్రయల్ వచ్చింది. ఎముక మజ్జ నుంచి తీసినవి, కొవ్వు నుంచి తీసినవి, దానం చేసిన బొడ్డుతాడు నుంచి పెంచిన కణాలు, ఈ మూడింటినీ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు, మొత్తం 475 మందిలో. ఏడాదికి చూస్తే మూడింటిలో ఒక్కటీ స్టెరాయిడ్‌ను దాటలేదు. ఎంతో చవకైన పాత సూదిని కూడా దాటలేదన్నమాట. ప్రమాదం లేదా అంటే అదీ చెప్పలేం. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తంతో తయారైన ఉత్పత్తి ఎక్కించుకున్న 12 మంది బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లతో ఆసుపత్రి పాలయ్యారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నివేదించింది. కీలులోకి క్రిమి వెళ్తే అరుగుదల నొప్పి చిన్నవిషయంలా కనిపిస్తుంది.

ఇక ఎక్స్‌రే ఫొటోల సంగతి. "ముందు సందు లేదు, తర్వాత సందు వచ్చింది, గుజ్జు పెరిగింది" అని రెండు ఫొటోలు పక్కపక్కన పెడతారు. ఎక్స్‌రేలో గుజ్జు కనపడదండీ. కనపడేది ఎముకల మధ్య ఖాళీ. మనిషి నిలబడి బరువు మోపినప్పుడు ఆ ఖాళీ కుంచించుకుంటుంది, పడుకుంటే విచ్చుకుంటుంది. మోకాలు నిటారుగా ఉంచి తీస్తే ఒక రకం, కొద్దిగా వంచి తీస్తే ఇంకో రకం. కిరణం పడే కోణం కాస్త మారినా ఖాళీ తేడాగా కనిపిస్తుంది. మొదటిది నిలబెట్టి, రెండోది పడుకోబెట్టి తీస్తే ఏ మందూ లేకుండానే గుజ్జు "పెరుగుతుంది". ఫొటో చూపిస్తే ముందు అడగాల్సింది: రెండూ నిలబెట్టే తీశారా, ఒకే కోణంలోనే తీశారా?

పోనీ, నిజంగానే గుజ్జు పెరిగిందనుకుందాం. నొప్పి పోతుందా? దీనికీ జవాబు ఉంది. స్ప్రిఫెర్మిన్ అనే ప్రయోగ మందును 549 మంది మీద పరీక్షించారు, 2019లో జామాలో వచ్చింది. రెండేళ్లలో ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ల గుజ్జు మందం 0.05 మిల్లీమీటర్లు పెరిగింది, ప్లసీబో, అంటే ఉత్తుత్తి మందు, తీసుకున్న వాళ్లకు 0.02 తగ్గింది. పెరిగినట్టు ఎంఆర్‌ఐలో నికరంగా తేలింది. నొప్పిలో మాత్రం ప్లసీబోకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. గుజ్జులో నరాలు లేవు, రక్తనాళాలు లేవు. నొప్పి వచ్చేది గుజ్జు కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర వాపు నుంచి, చుట్టూ ఉన్న కండరాల బలహీనత వల్ల. అందుకే ఎక్స్‌రే ఘోరంగా ఉన్నవాళ్లు కొందరు హాయిగా నడుస్తారు, ఎక్స్‌రే బాగున్నవాళ్లు కొందరు కుంటుతారు.

జెల్ ఇంజెక్షన్లు, అదే హైలురోనిక్ యాసిడ్: 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 169 ట్రయల్స్‌ను కలిపి చూసింది. వాటిలో పెద్దవి, ప్లసీబోతో పోల్చినవి తీసుకుంటే 100 పాయింట్ల కొలతలో తేడా 2 పాయింట్లు. మనిషికి తెలిసేంత తేడా కాదు. పైగా తీవ్రమైన దుష్ప్రభావాలు ప్లసీబో కంటే ఎక్కువగా కనిపించాయి. గ్లూకోసమైన్ మాత్రలు: 2006లో 1583 మందితో చేసిన గెయిట్ ట్రయల్‌లో మొత్తంమీద ప్లసీబోను దాటలేదు. అన్నట్టు ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్లలో 60 శాతం మందికి నొప్పి కనీసం అయిదో వంతు తగ్గింది. కెమెరా పెట్టి కడిగే ఆర్థ్రోస్కోపీ: 2002లో 180 మందిలో కొందరికి చర్మం మీద కోత మాత్రమే పెట్టి కుట్టేశారు, వాళ్లూ ఆపరేషన్ అయినవాళ్లతో సమానంగానే ఉన్నారు.

స్టెరాయిడ్ సూది కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఉధృతంగా ఉన్నప్పుడు దానికి చోటుంది. పదేపదే వేయించుకోవడమే తేడా చేస్తుంది. 2017 నాటి ట్రయల్‌లో 12 వారాలకొకసారి 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ రెండేళ్లు వేస్తే, గుజ్జు 0.21 మిల్లీమీటర్లు అరిగింది. సెలైన్ గుంపులో 0.10. రెండేళ్ల చివర నొప్పిలో తేడా లేదు.

మరి పనిచేసేదేంటి? వ్యాయామం అంటే వెంటనే ముఖం చిట్లిస్తారు. నిజాయితీగా చెప్పాలంటే దాని అంకెలూ మరీ గొప్పవి కావు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2024 సమీక్ష ప్రకారం ప్లసీబోతో పోలిస్తే 100కి సుమారు 9 పాయింట్లు. డెన్మార్క్‌లో ఒక ట్రయల్‌లో 8 వారాల వ్యాయామ శిక్షణను, "ఇది ఉత్త సెలైనే" అని చెప్పి మరీ వేసిన నాలుగు ఇంజెక్షన్లతో పోలిస్తే రెండూ సమానంగా తేలాయి! ఇంజెక్షన్ అమ్మేవాళ్లు ఈ ఫలితం చూపించి వ్యాయామాన్ని వెక్కిరించవచ్చు. కానీ ఆ ఫలితం వాళ్ల సూదికే పెద్ద దెబ్బ. వ్యాయామం వైపు ఇంకొన్ని ఉన్నాయి. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన 156 మంది ట్రయల్‌లో ఫిజియోథెరపీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్లను ముఖాముఖి పెట్టారు. 240 పాయింట్ల బాధ కొలతలో ఏడాదికి ఫిజియోథెరపీ వాళ్లు 37 దగ్గర, ఇంజెక్షన్ వాళ్లు 55.8 దగ్గర ఉన్నారు. తక్కువ ఉంటేనే మంచిది. పైగా కండబలం, నిద్ర, షుగరు, గుండె, ఇవన్నీ కొసరు.

చాలామందికి వ్యాయామం పనిచేయకపోవడానికి కారణం అది మరీ తేలికగా ఉండడం, లేదా రెండో వారంలో మానేయడం. పడుకుని మడమలు ఊపితే తొడ కండరం పెరగదు. చేతులు లేని గట్టి కుర్చీ తీసుకోండి, గోడకు ఆనించండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్లకు కొంచెం వెనక్కి పెట్టండి. ఛాతీ ముందుకు వంచి, చేతులు వాడకుండా లేవండి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. ధబ్బున పడిపోతే సగం ఫలితం పోయినట్టే. మోకాళ్లు లోపలికి ఒరగకుండా, పాదం రెండో వేలి వైపే ఉండాలి. 10 సార్లు ఒక దఫా, అలా రెండు మూడు దఫాలు, వారానికి మూడు రోజులు. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. 10 సార్లు సులువైపోతే దిండు తీసేయండి, తర్వాత చేతిలో బరువు పట్టుకోండి. చేస్తున్నప్పుడు నొప్పి 10కి 5 దాటకూడదు, 24 గంటల్లో మామూలు స్థాయికి రావాలి. రాకపోతే తర్వాతి రోజు మోతాదు తగ్గించండి, మానేయకండి. ఆరు నుంచి పన్నెండు వారాలు ఇవ్వకుండా తీర్పు చెప్పొద్దు.

బరువు ఎక్కువున్నవాళ్లకు తగ్గడమే పెద్ద మందు. ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 2024లో వచ్చిన స్టెప్-9 ట్రయల్‌లో స్థూలకాయం ఉన్న 407 మందిలో, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ మందు 68 వారాలు తీసుకున్నవాళ్ల బరువు 13.7 శాతం తగ్గింది, 100 పాయింట్ల నొప్పి కొలతలో 41.7 దిగింది. ప్లసీబోకు 27.5 దిగింది. చూశారా, ఇక్కడ కూడా ప్లసీబో ఊరుకోలేదు. అయినా ఈ మందు దాన్ని స్పష్టంగా దాటింది, గెలవడమంటే అది.

నొప్పికి పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ పనిచేయదనే వాళ్లలో ఎక్కువమంది బఠాణీ గింజంత రాస్తారు. 1 శాతం జెల్ మోకాలికి ఒక విడతకు 4 గ్రాములు, రోజుకు నాలుగు విడతలు. 4 గ్రాములంటే చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన గీతలు దాదాపు ఎనిమిది. కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వాడాలి. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి, నొప్పి ఉన్న కాలుతో పాటు ముందుకు పడాలి. చాలామంది తప్పు చేతిలో పట్టుకుంటారు.

ఇవన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర పట్టక, నాలుగడుగులు వేయలేకపోతుంటే కీలుమార్పిడి గురించి భయపడుతూ కూర్చోవడం దండగ. 2015 డెన్మార్క్ ట్రయల్‌లో 100 మందిని రెండు గుంపులు చేస్తే, ఆపరేషన్ గుంపు 100 పాయింట్ల కొలతలో 32.5 మెరుగైంది, ఆపరేషన్ లేకుండా వ్యాయామ శిక్షణ తీసుకున్న గుంపు 16. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం ఆపరేషన్ గుంపులో 24, రెండోదాంట్లో 6. శిక్షణ గుంపులో నాలుగింట మూడొంతుల మందికి ఆ ఏడాదిలో ఆపరేషన్ అవసరం రాలేదు. పెట్టిన కీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క. ఆపరేషన్ ఆలోచన ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అంతకుముందు మూడు నెలల్లోపు కీలులో స్టెరాయిడ్ పడితే ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. "ఈలోగా ఉపశమనానికి ఒక సూది వేద్దాం" అని ఎవరన్నా ముందు సర్జన్‌కు తేదీలు చెప్పండి. పీఆర్‌పీ అయినా, జెల్ అయినా, ఏ సూది ఏ రోజు ఏ మోకాలికి పడిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.