పాస్కా మర్నాడు ఏమిటి? విచారణలో పెద్దల విశ్వాస శిక్షణ

విచారణలో, అంటే ఒక గుడి పరిధిలోని కతోలిక సంఘంలో, సత్యోపదేశం (విశ్వాస బోధ) మెట్ల వరుసలా సాగుతుంది. చిన్నతనంలో మొదటి దివ్య సత్ప్రసాదానికి సిద్ధం చేస్తారు, కౌమారంలో భద్రమైన అభ్యంగనానికి (విశ్వాసాన్ని దృఢపరచే సంస్కారానికి) సిద్ధం చేస్తారు, పెళ్లికి ముందు కొన్ని తరగతులు పెడతారు. అక్కడితో వరుస ఆగిపోతుంది. ఆ వ్యక్తి సత్యోపదేశం గది దగ్గరికి మళ్లీ వచ్చేది తన బిడ్డ చేయి పట్టుకునే, అదీ గుమ్మం వరకే. మధ్యలో గడిచిన సంవత్సరాల్లో ఆయన గుడికి దూరమయ్యాడని కాదు, ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. 1969 ఆగమన కాలం (క్రిస్మసుకు ముందరి వారాలు) నుంచి అమల్లో ఉన్న ఆదివార పఠనాల క్రమం మూడేళ్లకొకసారి మళ్లీ మొదటికి వస్తుంది. ఒక ఏడాది మత్తయి, మరో ఏడాది మార్కు, ఇంకో ఏడాది లూకా సువార్త ప్రధానంగా వినిపిస్తాయి. పాతికేళ్ల వయసు నుంచి అరవై నిండే దాకా క్రమం తప్పక పూజకు వచ్చిన విశ్వాసి ఆ క్రమాన్ని దాదాపు 12 సార్లు విని ఉంటాడు. ఇన్నిసార్లు విన్న మనిషిని కూర్చోబెట్టి, విన్నదానిలో మీ బతుకును తాకినదేమిటని విచారణలో ఎవరైనా ఒక్కసారైనా అడిగారా?

అడగకపోవడం వల్ల జరిగే నష్టం మామూలు రోజుల్లో కనిపించదు. నలభై ఏళ్ల వయసులో తండ్రి పోయినప్పుడు, బిడ్డకు నయం కాని జబ్బు చేసినప్పుడు, కొలువులో ఒక తప్పుడు లెక్క మీద సంతకం పెట్టమని పైవారు ఒత్తిడి చేసినప్పుడు అది ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు ఆ మనిషి తన విశ్వాసంలో జవాబు వెతుక్కుంటే, చేతికి దొరికేది పదేళ్ల వయసులో కంఠస్థం చేసిన ప్రశ్నోత్తరం. ఆ జవాబు అబద్ధం కాదు, పదేళ్ల బిడ్డకు అది సరిపోయింది కూడా. నలభై ఏళ్ల దుఃఖానికి మాత్రం అది చాలడం లేదు. కొరింతు సంఘానికి రాస్తూ పౌలు, మీకు పాలు ఇచ్చానే గాని గట్టి ఆహారం ఇవ్వలేదన్నాడు. హెబ్రీయులకు రాసిన లేఖలో అదే పోలిక ఇంకాస్త కటువుగా వినిపిస్తుంది: ఇప్పటికి బోధకులు కావలసినవారు మళ్లీ ఓనమాలు నేర్చుకోవలసిన స్థితిలో ఉన్నారని. ఆ మందలింపు వింటున్న సంఘం మీదే గాని, ఆ సంఘానికి ఇన్నేళ్లుగా పాలే పోస్తూ వచ్చిన పద్ధతి మీద కాదని మనం సర్దుకుపోవడం న్యాయం కాదు.

శ్రీసభకు (కతోలిక సంఘానికి) ఇది తెలియని సంగతి కాదు. పెద్దలకిచ్చే బోధే సత్యోపదేశానికి ముఖ్య రూపమని 1971 నాటి మార్గదర్శక పత్రం చెప్పింది. 1979లో రెండవ జాన్ పాల్ పోపు అదే మాటను మరింత స్పష్టంగా రాశారు: జీవితంలో అతి పెద్ద బాధ్యతలు మోసేది పెద్దలే, సువార్తను దాని పూర్తి రూపంలో బతికి చూపగలిగేదీ వారే. 1997లో ఒకసారి, 2020లో ఇంకోసారి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, ఈ విషయంలో ధోరణి మారలేదు. యాభై ఏళ్లుగా పత్రాలు ఒకటి చెబుతుంటే విచారణల వాడుక మరొకటిగా ఉంటే, లోపం పుస్తకాల కొరతలోనో తరగతుల కొరతలోనో ఉందనుకోలేం. నాకు తోచినంతలో అది జ్ఞానస్నానం, సత్ప్రసాదం వంటి దివ్య సంస్కారాన్ని మనం ఎక్కడ నిలబెట్టామన్న దగ్గర ఉంది. సంస్కారం అందుకోవడాన్ని చదువు పూర్తయినట్టు భావించడం మనకు అలవాటైపోయింది. తొలి శతాబ్దాల విశ్వాసులకు అది చదువు మొదలయ్యే చోటు.

4వ శతాబ్దం చివర, సుమారు 381-384 ప్రాంతంలో, పడమటి దేశాల నుంచి ఎగేరియా అనే స్త్రీ యెరూషలేముకు యాత్రగా వెళ్లింది. అక్కడ చూసినదంతా స్వదేశంలోని తన సోదరీమణుల కోసం రాసి పంపింది. జ్ఞానస్నానానికి పేర్లు ఇచ్చుకున్న పెద్దలకు పాస్కా పండుగకు (ఈస్టర్‌కు) సిద్ధపడే తపస్సు కాలంలో రోజుకు మూడు గంటల చొప్పున పీఠాధిపతే (బిషప్పే) స్వయంగా బోధించేవాడని ఆమె వర్ణించింది. ఆదికాండంతో మొదలుపెట్టి గ్రంథమంతా ముందు అక్షరార్థంగా, తర్వాత ఆత్మీయార్థంగా విప్పి చెప్పేవాడు. ఐదు వారాలు గడిచాక విశ్వాస సంగ్రహం అందించేవాడు. పాస్కా వారంలో జరిగేది దీనికి పరాకాష్ఠ. క్రొత్తగా జ్ఞానస్నానం పొందినవారు, అంతకుముందే పొందినవారు అందరూ పునరుత్థాన మందిరంలో చేరితే, తలుపులు మూసి, వారు అందుకున్న సంస్కారాల అర్థాన్ని అప్పుడు వివరించేవాడు. వింటున్నవారి హర్షధ్వానాలు గుడి బయటికి వినిపించేవని ఎగేరియా రాసింది. ఇంకొక చిన్న వివరం నాకు మరీ విలువైనదిగా అనిపిస్తుంది. పీఠాధిపతి గ్రీకులో మాట్లాడుతుంటే పక్కనే ఒక గురువు సిరియాకులో చెప్పేవాడు. ఆ రెండూ రానివారికి లాటిను తెలిసిన సోదరసోదరీలు విడమరచి చెప్పేవారు. అర్థం కాక ఎవరూ మిగిలిపోకూడదన్న పట్టుదల ఆ ఏర్పాటులో ఉంది.

సంస్కారం తర్వాత వచ్చే ఈ బోధను గ్రీకులో మిస్టగోజియా అన్నారు, అంటే దివ్య రహస్యంలోకి చేయి పట్టి నడిపించడం. యెరూషలేము పీఠాధిపతి సిరిలు పేరిట మనకు చేరిన ప్రసంగాల్లో మొదటిది, ఇవి మీకు చెప్పాలని ఎప్పటినుంచో ఉన్నా చెవితో విన్నదానికంటే కంటితో చూసినది బలంగా నాటుతుందని ఇంతవరకు ఆగానంటూ మొదలవుతుంది. 387లో పాస్కా రాత్రి మిలానులో అగుస్తీనుకు జ్ఞానస్నానమిచ్చిన అంబ్రోసు కూడా ఇలాగే తలచాడు. ముందుగా వివరిస్తే వచ్చే వెలుగుకంటే, ఎదురుచూడని మనసులోకి ఆ రహస్యాలే తెచ్చే వెలుగు మేలన్నాడు. ముందు అనుభవం, ఆ తర్వాత అర్థం. మన విచారణల్లో ఈ క్రమం తలకిందులైంది. అర్థమంతా ముందే చెప్పేస్తాం, పరీక్ష పెడతాం, సంస్కారం ఇస్తాం, ఆపైన మౌనం.

1963లో రెండవ వాటికన్ మహాసభ పెద్దల జ్ఞానస్నానానికి అంచెలంచెల సిద్ధపాటును పునరుద్ధరించాలని నిర్ణయించింది. 1972లో దాని క్రమవిధి వెలువడింది. అందులో నాలుగు దశలున్నాయి: తొలి అన్వేషణ, దీర్ఘమైన శిక్షణ, తపస్సు కాలపు శుద్ధి, పాస్కా కాలమంతా సాగే మిస్టగోజియా. మొదటి మూడింటిని శ్రద్ధగా నడిపే విచారణల్లో సైతం నాలుగోది తరచుగా ఒక అభినందన సభతో సరి. పాస్కా జాగరణ రాత్రి తెల్ల వస్త్రంతో, వెలిగించిన కొవ్వొత్తితో అందరి ముందు నిలబడిన వ్యక్తి పెంతెకోస్తు నాటికి వెనుక వరసలో ఒంటరిగా కూర్చుని ఉండవచ్చు. పసితనంలో జ్ఞానస్నానం పొందిన మనలో అత్యధికులకైతే ఆ నాలుగో దశ అసలు తారసపడనే లేదు. పెద్దల విశ్వాస శిక్షణ అన్నప్పుడు నేను అడుగుతున్నది ఈ రాని బాకీనే. జ్ఞానస్నానం పొంది యాభై ఏళ్లయినవారికి కూడా, మీరు అందుకున్నది ఇదీ అని కూర్చోబెట్టి విప్పి చెప్పాలి.

అది మరో ఉపన్యాసాల పరంపరగా మారితే లాభం లేదు. పెద్దవారు విన్నదానికంటే అభ్యాసం చేసినదాని వల్లనే ఎదుగుతారు. 12వ శతాబ్దపు కార్తూసియన్ మఠవాసి రెండవ గుయిగో లెక్సియో దివీనాను (ప్రార్థనాపూర్వక గ్రంథ పఠనాన్ని) నాలుగు మెట్లుగా వర్ణించాడు: పఠనం, మననం, ప్రార్థన, దైవ సన్నిధిలో నిశ్చలత. మఠంలో పుట్టిన ఈ పద్ధతి ఎనిమిది మంది కూర్చోగల ఏ గదిలోనైనా సాగుతుంది. వచ్చే ఆదివారపు సువార్త భాగాన్ని ఒకరు నెమ్మదిగా చదువుతారు. కొంతసేపు ఎవరూ మాట్లాడరు. రెండోసారి చదివాక, తనను పట్టి నిలిపిన మాటను ప్రతి ఒక్కరూ చెబుతారు, వివరణ లేకుండా. మూడోసారి చదివాక ఆ మాట తన ఇంటికి, పనికి, తాను మాట్లాడటం మానేసిన మనిషికి సంబంధించి ఏమంటోందో చెబుతారు. చివర ప్రార్థన, మళ్లీ మౌనం. దీనికి చదువు పెద్దగా అక్కరలేదు, అక్షరాలు రానివారు కూడా వింటూ పాల్గొనగలరు.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. ఎక్కువ తెలిసినవారు ఒకరుంటే గుంపంతా ఆయన ఉపన్యాసానికి శ్రోతలైపోవడం ఒకటి. ఎవరికి ఏది తోస్తే అదే వాక్యానికి అర్థమనుకోవడం రెండోది. మొదటిదాన్ని సమయ పాలన అదుపు చేస్తుంది. రెండోదానికి శిక్షణ పొందిన ఉపదేశి (సత్యోపదేశం చెప్పేవారు) కావాలి, వాక్యం ఏ సందర్భంలో ఎవరికి రాసినదో అయిదు నిమిషాల్లో చెప్పి తప్పుకోగలవారు. ఉపదేశి సేవను శ్రీసభలో అధికారిక పరిచర్యగా 2021 మే 10న పోప్ ఫ్రాన్సిస్ స్థాపించారు. అలాంటివారిని బడి పిల్లల తరగతులకే పరిమితం చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక రోజువారీ సాధన. లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మశోధనను చాలామంది పాపాల లెక్కగా పొరపడతారు. ఆయన క్రమంలో మొదటి అడుగు కృతజ్ఞత, రెండోది వెలుగు కోసం ప్రార్థన, ఆ తర్వాతే దినమంతటినీ గడియ గడియగా నెమరువేసుకోవడం, క్షమాపణ, రేపటికి తీర్మానం. పదిహేను నిమిషాల పని. దినమంతా పరుగెత్తిన మనిషికి రాత్రి పూట దొరికే ఈ పదిహేను నిమిషాల్లో, ఏ మాట దగ్గర తన హృదయం మెత్తబడిందో, ఏ మాట దగ్గర మూసుకుపోయిందో తెలిసివస్తుంది. కొన్ని నెలలు ఇలా చేసినవారి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) తీరే మారుతుంది. చిన్నప్పటి జాబితా వల్లించడం తగ్గి, తన జీవితం ఎటు పోతోందో చెప్పుకోవడం మొదలవుతుంది. 1548లో మూడవ పాల్ పోపు ఆమోదించిన ఆయన ఆత్మీయ సాధనల గ్రంథం ఆరంభంలోనే, ఆత్మను తృప్తిపరచేది విస్తారమైన జ్ఞానం కాదని, లోలోపల అనుభవించి రుచి చూడటమేనని ఉంటుంది. పనులు వదిలి ఏకాంతానికి వెళ్లలేనివారు ఇంట్లో ఉంటూనే సాధన చేసే వీలు కూడా ఆయన కల్పించాడు. కుటుంబస్థుల పట్ల అంత అక్కర చూపిన ఆ ఏర్పాటును విచారణ స్థాయికి తెచ్చుకోకపోవడానికి సరైన కారణమేదీ నాకు కనిపించదు.

జపమాల, సిలువ మార్గం వంటి భక్తి క్రియలను పక్కకు నెట్టి కొత్తవి తేవాలని నేను అనడం లేదు. ధ్యానం లేని జపమాల ప్రాణం లేని దేహం వంటిదని 1974లో ఆరవ పాల్ పోపు హెచ్చరించారు. జపమాలలో ధ్యానించే ఒక్కో రహస్యానికి (క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టానికి) ముందు సువార్త వాక్యం చదివి ఒక నిమిషం ఆగితే చాలు, ఏళ్ల తరబడి పెదవులకు అలవాటైన జపం మళ్లీ మనసుకు చేరుతుంది.

ఇదంతా చదువుకున్నవారి ముచ్చట, సామాన్య విశ్వాసికి సరళమైన భక్తి చాలు అనేవారున్నారు. ఆ మాటలో సామాన్యుల పట్ల ప్రేమ ఉన్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి వారి మీద చిన్నచూపు దాగి ఉందని నా అభిప్రాయం. సరళత వేరు, ప్రశ్నను నోరు నొక్కి ఉంచడం వేరు. అపోస్తలుల కార్యాలు 18వ అధ్యాయంలో అపొల్లో లేఖనాల్లో పండితుడు, మంచి వక్త. ఆయనకు తెలిసినది యోహాను ఇచ్చిన జ్ఞానస్నానం ఒక్కటే. ఆ లోటు గమనించినది ప్రిస్కిల్లా, అకుల దంపతులు, డేరాలు కుట్టుకుని బతికేవారు. వారు ఆయనను సభలో తప్పుపట్టలేదు. తమతో తీసుకువెళ్లి దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు. అక్కడ నేర్చుకున్నది పండితుడు, నేర్పినది చేతిపనివారు.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలంటే, పాస్కా కాలపు 50 రోజులతో అంటాను. తపస్సు కాలమంతా ఉపవాసాలతో, సిలువ మార్గంతో కళకళలాడిన విచారణ పాస్కా మర్నాడే సద్దుమణుగుతుంది. అదే కాలంలో ఆదివారపు మొదటి పఠనం పాత నిబంధన నుంచి కాక అపోస్తలుల కార్యాల నుంచి వస్తుంది, అంటే సంఘంగా బతకడం నేర్చుకుంటున్న పెద్దవారి కథ ప్రతి వారం పీఠం మీదనుంచే వినిపిస్తుంది. ఆ ఏడు వారాలు చిన్న గుంపులుగా కూర్చుంటే చాలు, వేరే పాఠ్యపుస్తకం అవసరం రాదు. బిడ్డ జ్ఞానస్నానానికి వచ్చిన తల్లిదండ్రులను నమోదు పత్రం నింపించి పంపకుండా, సంస్కారం అయిన నెలకు మళ్లీ పిలిచి, ఆ రోజు నీళ్లు, నూనె, కొవ్వొత్తి చూసి మీకేమనిపించిందని అడగవచ్చు. భూస్థాపన జరిగిన ఇంటికి కూడా అంతే. ఆ రోజు విచారణంతా కదిలి వస్తుంది. కొన్ని వారాలు గడిచాక, భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఆదివారం పూజలో "శరీరముయొక్క ఉత్థానమును విశ్వసించుచున్నాను" అన్న చోటికి వచ్చేసరికి గొంతు పెగలక ఆగిపోతుంది. పూజ ముగిశాక ఆమె పక్కన కూర్చుని, ఆ వాక్యం దగ్గర ఎందుకు ఆగారమ్మా అని అడిగే మనిషిని విచారణ సిద్ధం చేసి ఉంచాలి.