‘ఇటు చూడు నాన్నా’ అనకుండా పిల్లల ఫొటోలు

సంక్రాంతి వెళ్లాక కోనసీమలో ఏ ఇంటికెళ్లినా పిల్లల ఫొటోలకు కొదవ ఉండదు. భోగిపళ్లు పోస్తున్నప్పుడు ఒకటి, పట్టు పరికిణీతో గొబ్బెమ్మల దగ్గర ఒకటి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నాన్న భుజాలెక్కి ఇంకొకటి. అదే పిల్ల పండగ కాని రోజున ఎలా ఉంటుందో చూపించమంటే మాత్రం ఫోన్ అంతా వెతుక్కోవాలి. దొరికినవి కూడా ఒకే తీరుగా ఉంటాయి. గోడకి ఆనించి నిలబెట్టిన పిల్ల, ‘నవ్వమ్మా’ అంటే బలవంతంగా బయటపెట్టిన పళ్లు.

ఇది ఫోన్ లోపం కాదు. ఫొటో అంటే పిల్లల్ని చేస్తున్న పని మాన్పించి, ముందు నిలబెట్టి తీసేదని మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఊరికే రాలేదు. రీలు కెమెరాల రోజుల్లో ఒక రోలుకి 36 ఫొటోలు. వాటిని కడిగించాలంటే అమలాపురమో పాలకొల్లో వెళ్లాలి. ఒక్కటి కూడా వృథా కాకూడదు కాబట్టి తల దువ్వి, పౌడరు రాసి, అందరూ కదలకుండా ఉన్నాకే బటన్ నొక్కేవారు. అప్పటికి అది సరైన పద్ధతే. ఇప్పుడు రోలు లేదు, కడిగించే ఖర్చూ లేదు. పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లల అసలు మొహం పనిలో ఉన్నప్పుడే కనిపిస్తుంది. వేసవిలో తాటికాయ తల చెక్కి చేతికిస్తే నాలుగేళ్ల పిల్లాడు ఏం చేస్తాడో చూడండి. బొటనవేలు లోపలికి గుచ్చి, ముంజని తిప్పి, మూతి కాయకి ఆనించి జుర్రుకుంటాడు. నీళ్లు గడ్డం మీంచి మోచేతి దాకా కారుతాయి. కనుబొమలు ముడిపడతాయి. వాడి లోకంలో అప్పుడు కాయ తప్ప ఇంకేమీ లేదు. సరిగ్గా ఆ నిమిషంలో ‘ఇటు చూడు’ అన్నామంటే ఆ మొహం మళ్లీ రాదు. పిలవకండి. పక్కన చతికిలబడి, ఫోన్‌ని వాడి కళ్ల ఎత్తుకి దించి, కాసేపు ఊరుకోండి. మనం నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా పడి, పిల్లాడు నేలకి అతుక్కుపోయినట్టు కనిపిస్తాడు. మరీ మొహం మీదికి వెళ్లినా ముక్కు పెద్దదైపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌లో రెండింతల (2x) లెన్స్ ఉంటే దాంతో తీయడం మేలు. వరసగా పది ఫొటోలు తీసి, బాగున్న ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి.

ఇక వెలుతురు. మన డెల్టాలో మే మొదట్లో, మళ్లీ ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండలో కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, పిల్లలు కళ్లు చికిలిస్తారు. పోనీ కొబ్బరిచెట్ల నీడలోకి తీసుకెళ్దామంటే అక్కడ ఇంకో చిక్కు. మట్టల సందుల్లోంచి పడే ఎండ మొహాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది, చెంప మీద తెల్లటి మచ్చ పడి పక్కనంతా చీకటైపోతుంది. మన దగ్గర అన్నిటికన్నా మంచి చోటు ఇంటి వసారా. పైన కప్పు ఉంటుంది, ఎదురుగా ఆకాశం ఉంటుంది, వెలుతురు మెత్తగా పక్కనుంచి వస్తుంది. నడిమధ్య ఆకాశం కనిపించే పాత మండువా ఇల్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. డాబా ఇంట్లో అయితే వీధి గుమ్మం దగ్గరో కిటికీ పక్కనో కూర్చోబెట్టి ట్యూబ్‌లైట్ ఆర్పేస్తే చాలు. రాత్రిపూట ఫొటోలు చెదిరిపోవడానికి కారణం కూడా వెలుతురే. చాలినంత లేకపోతే ఒక్క ఫొటోకి ఫోన్ కెమెరా సెకనులో 15వ వంతు దాకా కూడా తెరుచుకుని ఉంటుంది, ఆలోపు పిల్లాడు తల తిప్పేస్తాడు. పరుగెత్తే పిల్ల స్పష్టంగా పడాలంటే అది సెకనులో 250వ వంతో, అంతకన్నా తక్కువో మాత్రమే తెరుచుకోవాలి. అది పగటి వెలుతురులోనే సాధ్యం. తీసేముందు బనీను కొసతో లెన్స్ తుడవండి. మన ఉక్కపోతకి, చేతి చెమటకి సగం ఫొటోలు అక్కడే మసకబారతాయి.

రెండు విషయాల్లో నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒకటి బ్యూటీ మోడ్. చాలా ఫోన్లలో అది మనం అడక్కుండానే చామనఛాయ పిల్లని తెల్లగా చేసి, బుగ్గ మీది పుట్టుమచ్చని కూడా చెరిపేస్తుంది. రేపు ఆ పిల్ల తన ఫొటో చూసుకుని నా రంగు ఎందుకు మార్చారని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఈరోజే ఆపేయండి. రెండోది వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్. మొహం అందంగానే వస్తుంది, కానీ మసకలో పోయేదేమిటో చూడండి. వసారాలో ఆరేసిన వడియాలు, తాతయ్య పడక్కుర్చీ, గోడకి ఆనించిన సైకిలు, దాళ్వా (రెండో పంట) ధాన్యం బస్తాలు. పిల్లలతో పాటు ఇల్లూ మారిపోతుంది. ఇరవై ఏళ్ల తరవాత వాళ్లు ముందు వెతుక్కునేది ఆ వెనకున్న వాటినే.

తీసేవాళ్లు ఫొటోలో ఉండరు, ఇంకో బాధ అది. చాలా ఇళ్లలో ఆ లోటు అమ్మకే. గోరుముద్దలు పెట్టేదీ ఆవిడే, ఫోన్ పట్టుకునేదీ ఆవిడే. నాన్నలు ఈ పని తీసుకోవాలి. ఆవకాయ అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యీ, ఆ చేతికేసి నోరు తెరిచి చూస్తున్న పిల్లా ఒకే ఫొటోలో పడితే అది ఆ ఇంటికి ఆస్తి.

కాలవ రేవు దగ్గర మాత్రం నా మాట వినండి. జూన్‌లో నీళ్లు వదిలాక మెట్ల మీద పిల్లలు చాలా ముద్దుగా కనిపిస్తారు, నిజమే. కానీ తెరలోకి చూస్తున్నవాళ్లు పిల్లాడి కాళ్ల కింద పాచిని చూడరు. పెద్దవాళ్లు ఇంకొకరు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఫోన్ జేబులోంచి తీయకండి. స్నానం చేస్తున్న ఫొటోలు, స్కూలు పేరు కనిపించే యూనిఫాం ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దని వేరే చెప్పాలా?

తీసినవి దాచడంలోనూ మనం అశ్రద్ధ చేస్తున్నాం. 1986 వరదా, 1996 నవంబరు తుపానూ చూసిన ప్రాంతం ఇది. నీళ్లు ఇంట్లోకొస్తే ఆల్బమ్ గతేమిటో ఇక్కడి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఫోన్ పోతే ఇప్పుడూ అదే గతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి ఊళ్లో ఉన్న అమ్మమ్మకో హైదరాబాద్‌లో ఉన్న పిన్నికో డాక్యుమెంట్‌గా పంపండి, ఒక కాపీ వాళ్ల దగ్గర ఉంటుంది. అలా పంపితే ఫొటో తీసిన చోటు వివరాలు కూడా వెళ్లొచ్చు, అందుకే ఇంట్లోవాళ్లకి తప్ప పంపొద్దు. ఏడాదికోసారి ఓ పాతిక ఏరి ప్రింట్లు వేయించి, వెనక ఊరూ నెలా రాసి, అటక మీద కాకుండా పిల్లల చేతికి అందే అరలో పెట్టండి.