నీళ్లు ఎక్కాయి, దిగాయి

పడవ అడుగున చేరే నీళ్లను బయటికి తోడే బిల్జ్ పంపు బిగించడానికి ఎంతసేపు పడుతుంది? లోతైన గుంటలో జాలీకి స్క్రూలు కొట్టు (పొడవు చూసుకోకుండా కొడితే పడవ అడుగుకే చిల్లు పడి పంపుకు పని అక్కడే పుడుతుంది), పంపు కూర్చోబెట్టు, గొట్టం తొడుగు, వైర్లు కలుపు. అయిపోయింది. పడవ ఆసామి మురిసిపోయి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

అట్టపెట్టె మీద గంటకు 800 గ్యాలన్లు అని బొద్దుగా రాసి ఉంది. అంటే సుమారు 3,000 లీటర్లు. గొట్టం లేకుండా, ఎత్తు లేకుండా, 13.6 వోల్టులు పుష్కలంగా ఇచ్చి తీసిన లెక్క అది! పడవలో మీటరు ఎత్తు, నాలుగు వంపులు, లోపలంతా మడతలున్న చవక గొట్టం, మూలిగే బ్యాటరీ. సగం వస్తే దండం పెట్టుకోవాలి. ఆ ముక్క మాత్రం పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

సరే, గుంట 20 సెంటీమీటర్లకు 20. అందులో ఒకటిన్నర లీటరు చేరితే మట్టం 4 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా లేస్తుంది. ఫ్లోట్ (నీళ్లతో పాటు లేచి పంపును నడిపే, వాలితే ఆపే స్విచ్) తలెత్తుతుంది, పంపు గుర్రుమంటుంది, నీళ్లు గొట్టంలోకి ఎగబాకుతాయి. ఆ గొట్టం 25 మిల్లీమీటర్లది, మీటరుకు దాదాపు అర లీటరు పడుతుంది. పొడవేమో మూడు మీటర్లు! గుంటలోని సరుకంతా గొట్టంలోనే సర్దుకుంది. నీళ్లు బయటి రంధ్రం అంచుకొచ్చి ఓసారి తొంగి చూసేసరికి కింద గుంట ఖాళీ. ఫ్లోట్ వాలింది, పంపు ఆగింది. ఇది చక్రం తిప్పి నీళ్లను నెట్టే సెంట్రిఫ్యూగల్ పంపు; ఆగితే నీళ్లను పట్టి ఉంచదు, దానికి తలుపుల్లేవు. వెళ్లిన పెద్దమనుషులంతా వెళ్లిన దారినే దిగొచ్చి గుంటలో కూర్చున్నారు. ఫ్లోట్ తలెత్తింది. గుర్ర్.

ఫ్లోట్ స్విచ్‌ను మెయిన్ స్విచ్‌తో నిమిత్తం లేకుండా, ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి కలిపారు. అలాగే కలపాలి కూడా, ఎవరూ లేనప్పుడే కదా పడవ మునిగేది. దాంతో ఈ ఊరేగింపుకు రాత్రీపగలూ కరెంటుకు కొదవలేదు. 3 ఆంపియర్లు లాగే పంపు సగం సేపు తిరిగినా రోజుకు 36 ఆంపియర్-అవర్లు. 70 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండో రోజుకి హరీమంది. మూడో రోజు వాన.

కొట్టువాడి వైద్యం వేరు: గొట్టం మధ్యలో నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టండి, వెనక్కి రావు కదండీ, అని. రాకపోవడంలోనే ఉంది తిరకాసు. పైన నిలిచిన నీళ్లు మూతను నొక్కి కూర్చుంటాయి, కింద పంపులో గాలి చిక్కుతుంది, గాలిలో తిరిగే ఇంపెల్లర్‌కు (పంపు లోపలి చక్రానికి) ఆ మూత తెరిచే సత్తా లేదు. లేదంటే పీచో వెంట్రుకో అడ్డుపడి మూతే పడదు. రెండింట్లో ఏది జరిగినా ఆ పూట కొట్టువాడు పడవలో ఉండడు.

చేయాల్సింది ఇంతే. గొట్టం పొట్టిగా, లోపల నున్నగా, ఎక్కడా కిందికి జారకుండా పైకే పోవాలి. ఫ్లోట్‌ను గుంట వెడల్పయ్యే ఎత్తుకు జరిపితే అదే ఒకటిన్నర లీటరుకు మట్టం అంతగా లేవదు. అడుగున మిగిలే కాసిని నీళ్లకు చిన్న డయాఫ్రం పంపు (రబ్బరు పొర ఆడుతూ నీళ్లు లాగేది), సన్న గొట్టం చాలు. దాని వాల్వులు దానిలోనే ఉంటాయి.

ఇదంతా విన్న ఆసామి, పంపు చిన్నదైపోయిందని తేల్చాడు. 2,000 గ్యాలన్లది తెస్తాడట. దానికి 28 మిల్లీమీటర్ల గొట్టం కావాలి. మూడు మీటర్లకు ఒకటీ ముప్పావు లీటర్ల పైనే పడుతుంది.