బ్యాగులిచ్చాం సరే, మనిషినెప్పుడిస్తాం?

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో మన తెలుగు సంఘాలన్నీ బ్యాక్‌ప్యాక్ డ్రైవుల, అంటే అవసరమున్న పిల్లలకు బడి సంచులు పంచే హడావిడిలో ఉంటాయి. నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, కాలిక్యులేటరు సర్దుతాం. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతాం. బ్యాగులు స్కూలు వాళ్లకు అప్పగించి ఇంటికొస్తాం. తప్పేం లేదు, అందుకున్న పిల్లకు అది అక్కరకొచ్చేదే. కానీ అదే కౌంటీలో, కోర్టు ఉత్తర్వుతో కన్నవాళ్ల దగ్గర్నుంచి ఫాస్టర్ కేర్‌కు, అంటే ప్రభుత్వం తాత్కాలికంగా ఏర్పాటు చేసిన వేరేవాళ్ల సంరక్షణకు వెళ్లిన పిల్లలుంటారు. వాళ్లకు ఏడాది తిరక్కుండానే కేస్ వర్కర్ మారొచ్చు, ఇల్లు మారొచ్చు, బడి మారొచ్చు, ఒక్కోసారి లాయరూ మారొచ్చు. మారకుండా నిలబడే పెద్దమనిషి ఒక్కరు కావాలి. సంచుల లెక్కలో ముందుండే మన సంఘాలు ఆ ఒక్క మనిషిని ఇవ్వడం మీద కూడా అంతే దృష్టి పెట్టాలన్నది మా వాదన.

ఆ మనిషికి ఇక్కడి కోర్టుల్లో కాసా అని పేరు. పిల్లల తరఫున మాట్లాడటానికి కోర్టు నియమించిన వాలంటీరు. సీటెల్‌లో బాలల కేసులు వినే జడ్జి డేవిడ్ సూకప్, పిల్లల గురించి తన బల్ల మీదికి వచ్చే సమాచారం తీర్పుకు చాలడం లేదని, మామూలు పౌరులకు శిక్షణ ఇచ్చి 1977లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఫ్లోరిడా, నార్త్ కరొలినాల్లో ఇదే పనిని గార్డియన్ యాడ్ లైటమ్ పేరుతో చేస్తారు. ఆ పేరు విని, ఇదేదో లాయర్ల వ్యవహారమని వెనక్కి తగ్గకండి.

వయసు 21 నిండాలి. లా డిగ్రీ అక్కర్లేదు. దరఖాస్తు, ఇంటర్వ్యూ, మన గురించి చెప్పగలవాళ్ల పేర్లు, నేరచరిత్ర తనిఖీ, పిల్లలను హింసించినవారి జాబితాల్లో వెతకడం, ఇవన్నీ అయ్యాక 30 గంటల శిక్షణ. ఆ తర్వాత జడ్జి ముందు ప్రమాణం. ఏటా మరో 12 గంటల శిక్షణ. మనవాళ్లలో చాలామందికి జాప్యమయ్యేది తనిఖీ దగ్గరే. ప్రాజెక్టుల కోసం నాలుగు రాష్ట్రాలు తిరిగినవాళ్లు పాత చిరునామాలన్నీ తేదీలతో సహా ముందే రాసిపెట్టుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లు, జీతం లేని పనే కదా అనుకోకుండా స్థానిక కార్యాలయాన్ని, అవసరమైతే ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి దిగాలి.

కేసు చేతికొచ్చాక మొదటి నెలే బరువు. నియామకపు ఉత్తర్వు కాపీ ఎప్పుడూ దగ్గరుండాలి. బడిలో, డాక్టరు దగ్గర రికార్డులు చూపించమని అడిగే అధికారం దాంతోనే వస్తుంది. ఫైలు చదివి, బిడ్డను కలిసి, ఆ తర్వాత ఫాస్టర్ తల్లిదండ్రులు, టీచరు, డాక్టరు, కన్నవాళ్లు అందరితో విడివిడిగా మాట్లాడాలి. అడగాల్సినవి చిన్నచిన్న ప్రశ్నలే. పళ్ల డాక్టరుకు చివరిసారి ఎప్పుడు చూపించారు? విరిగిన కళ్లద్దాలకు బదులు కొత్తవి వచ్చాయా? తోబుట్టువులు వేరే ఇంట్లో ఉంటే ఫోన్లో మాట్లాడుకోనిస్తున్నారా? పాత బడిలో ఉన్న ప్రత్యేక విద్యా ప్రణాళిక కొత్త బడికి చేరిందా? హైస్కూలు పిల్లలైతే, బడి మారినప్పుడు క్రెడిట్లు ఎన్ని పోయాయి? ఇల్లు మారినంత మాత్రాన బడి మారాలని లేదు. 2015 నాటి విద్యా చట్టం ప్రకారం, బిడ్డకు మంచిది కాదని తేలితే తప్ప పాత బడిలోనే కొనసాగించాలి. మార్చక తప్పకపోతే, కాగితాలు రాలేదని చెప్పి కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఇది తెలియని ఆఫీసు గుమాస్తా ఎదురవడం మామూలే. గొడవ పడకుండా, ఫాస్టర్ పిల్లల వ్యవహారాలు చూసే బాధ్యులెవరో అడిగి వాళ్లకు రాయాలి.

బిడ్డను నెలకోసారైనా ఎదురుగా కలవాలి. వీడియో కాల్ దానికి బదులు కాదు. కోర్టులో గడియారం వేరేగా నడుస్తుంటుంది. ఆరు నెలలకోసారి సమీక్ష, 12 నెలల్లోపు బిడ్డ శాశ్వతంగా ఎక్కడ ఉండాలన్న దాని గురించిన హియరింగ్. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, గడచిన 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో గడిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రమే పిటిషన్ వేయాలి. కాబట్టి బిడ్డను తిరిగి పొందడానికి తల్లి చికిత్స తీసుకోవాల్సి ఉంటే, చికిత్సా కేంద్రంలో చోటు దొరకడానికి పట్టే ప్రతి వారం లెక్కలోకి వస్తుంది. ఆ ఆలస్యం తల్లిదా, పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ ఏజెన్సీదా అన్నది మనం జడ్జికి ఇచ్చే రిపోర్టులో తేదీలతో ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మరోచోట. ఫాస్టర్ కేర్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది విషయంలో రాసి ఉండే కారణం దెబ్బలు కాదు, నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికీ పేదరికానికీ మధ్య గీత చాలా సన్నం. మంచి స్కూళ్లున్న చోటు చూసి ఇల్లు కొనుక్కున్న మన కళ్లకు, ఫాస్టర్ వాళ్ల విశాలమైన ఇల్లు, పియానో పాఠాలు చూడగానే బిడ్డ ఇక్కడే ఉంటే బాగుపడుతుందనిపిస్తుంది. కోర్టు అడిగే ప్రశ్న అది కాదు. శిక్షణలో నేర్పే కొలత కనీస స్థాయి సంరక్షణ. తిండి, నిద్ర, భద్రత, వైద్యం, బడి, ప్రేమ, ఇవి సరిపడా అందుతాయా అన్నంతవరకే. రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి మెరుగైనదానికి మార్కులు వేయడం కాదు. మార్కులు వేసే అలవాటు మనకు ఎంత గట్టిదో వేరే చెప్పాలా!

ఈ మొగ్గు రిపోర్టు భాషలో దొరికిపోతుంది. 'ఇల్లు అధ్వానంగా ఉంది' అని రాస్తే జడ్జికి తెలిసేదేమీ లేదు. 'సింకులో రెండు రోజుల గిన్నెలున్నాయి, ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు ఉన్నాయి, బాబుకు విడిగా మంచం ఉంది, పొగ అలారం పనిచేయడం లేదు' అని రాస్తే తెలుస్తుంది. 'తల్లికి శ్రద్ధ లేదు' కాదు, 'ఆరు సందర్శనల్లో నాలుగింటికి వచ్చింది, రానివి ఫలానా తేదీలు, కారణంగా చెప్పింది ఇది.' ఏది కళ్లతో చూశారో, ఏది ఎవరు చెప్పగా విన్నారో విడదీయాలి. బిడ్డ కోరిక మన సిఫార్సుకు ఎదురుగా ఉన్నా సరే, అది బిడ్డ మాటల్లోనే జడ్జికి చేరాలి.

చేయకూడనివీ ఉన్నాయి. బిడ్డను మన ఇంటికి తీసుకురాకూడదు, డబ్బు, ఖరీదైన కానుకలు ఇవ్వకూడదు, న్యాయ సలహాలు చెప్పకూడదు. పేరు తీసేసినా సరే, కేసు సంగతి వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. తెలుగు కుటుంబం కేసు వస్తే భాష తెలుసని ఎగిరి ఒప్పుకోకండి. వాళ్ల బంధువులు మన సంఘంలోనే ఉండొచ్చు, ఆ సంగతి కాసా కార్యాలయంలోని మన సూపర్‌వైజరుకు ముందే చెప్పాలి. దుబాసీ పని కోర్టు పెట్టిన దుబాసీదే. అన్నట్టు, ప్రతి కేసులోనూ బిడ్డ ఇండియనా అని కోర్టు ఆరా తీస్తుంది. ఉలిక్కిపడకండి, అది మన గురించి కాదు. 1978 నాటి చట్టం ఇక్కడి ఆదివాసీ తెగల పిల్లలకు సంబంధించినది.

సంఘం చేయగలిగింది? స్థానిక కాసా కార్యాలయాన్ని పిలిచి ఒక గంట సమావేశం పెట్టించడం. శిక్షణకు వెళ్లేవాళ్ల పిల్లలను ఆ సాయంత్రాలు చూసుకోవడానికి మనుషులను కుదర్చడం. భార్యాభర్తలు కలిసి ఒకే కేసు తీసుకోనిస్తారేమో కనుక్కోవడం, ఎందుకంటే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. సంచులే ఇస్తామంటే ఇవ్వండి. ఇల్లు మారే పిల్లల బట్టలు చెత్తసంచుల్లో పోకుండా, గట్టి జిప్పున్న పెద్ద ప్రయాణపు సంచులు కొత్తవి ఇవ్వండి. టీనేజీ పిల్లలకు సరిపడేవీ అందులో ఉండాలి. వాటి మీద మాత్రం సంఘం లోగో వేయకండి, బళ్లో అందరికీ చూపించుకునే చీటీ కాదది.

చేరేముందు క్యాలెండరు తీసి చూసుకోండి. ఒప్పుకోవాల్సింది కేసు ముగిసేదాకా, అంటే ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు దాటొచ్చు. డిసెంబరులో ఐదు వారాలు ఇండియా వెళ్తే ఒక నెల సందర్శన పోతుంది, హియరింగ్ పోవచ్చు. టికెట్లు కొనకముందే సూపర్‌వైజరుతో మాట్లాడాలి. ఉద్యోగం పోయో, బదిలీ అయ్యో ఊరు వదలాల్సి వస్తే తెలిసిన వారంలోనే చెప్పాలి, నోట్సు అప్పగించాలి. బిడ్డకు ఆ మాట ఎలా, ఎప్పుడు చెప్పాలో సూపర్‌వైజరుతో ముందే అనుకుని, ఫోన్లో కాకుండా చివరిసారి ఎదురుగా కూర్చుని మనమే చెప్పాలి. వీలైతే తర్వాత రాబోయేవాళ్లను ఆ రోజే వెంట తీసుకెళ్లాలి.