ఎండ అందరిదీ, డాబా ఎవరిది?

బెజవాడ వాళ్లకు సూర్యుడి గురించి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. ఈ ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అని వెక్కిరించడం మొదలై తరాలు గడిచాయి. మే నెల మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో నడిచినవాడికీ, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసినవాడికీ ఎండలో ఎంత శక్తి ఉందో ఒంటికే తెలుసు. అయినా సోలార్ మాట ఎత్తగానే పెద్దల నోట మొదట వచ్చేది ఒకటే: ‘ప్రజల్లో అవగాహన పెరగాలి’. వెంటనే ఒక ఫ్లెక్సీ, ఒక సదస్సు, నాలుగు ఫొటోలు.

ఆ మాటతోనే నాకు పేచీ. జనానికి అవగాహన లేకపోవడం కాదు, డాబా లేదు.

పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఎవరినైనా ఆపి సోలార్ మంచిదా అని అడగండి. చెడ్డదనేవాళ్లు దొరకరు. వాళ్లు తిరిగి వేసే ప్రశ్నలు చూస్తే మన జనానికి లెక్క ఎంత బాగా వచ్చో తెలుస్తుంది. ఎంత ఖర్చు, ఎన్నేళ్లకు తిరిగొస్తుంది, కోతులు పగలగొడితే ఎవరు కడతారు, వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి! చివరికి అందరూ వచ్చి ఆగేది ఒకేచోట. ‘మాది అపార్ట్‌మెంటండీ’ అంటారు. లేదా ‘మేం అద్దెకుంటున్నామండీ’ అంటారు. ఈ రెండు జవాబుల దగ్గర మన సోలార్ పథకాలన్నీ మెట్లమీదే కూలబడుతున్నాయి.

పథకం సంగతి అందరికీ తెలిసిందే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇళ్ల డాబాల మీద సోలార్ కోసం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల దాకా సబ్సిడీ. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రం 10 లక్షల కోట్ల పెట్టుబడుల లక్ష్యంతో క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగా రెండు కిలోవాట్లు అంటోంది. మంచిదే. కాకపోతే వీటన్నిటి ఊహలో ఒక ఇల్లుంది. సొంత స్థలం, సొంత శ్లాబు, పైన ఖాళీ డాబా, కింద ఒకే కుటుంబం. ఆ ఇల్లు గన్నవరం దాటాక ఊళ్లలో దొరుకుతుంది. మొగల్రాజపురంలోనూ లక్ష్మీపురంలోనూ అలాంటి ఇళ్లను ఎప్పుడో డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు.

ఇక లెక్కలోకి వద్దాం. అసలు రుచి అక్కడే ఉంది.

మన ఇళ్ల కరెంటు టారిఫ్ మెట్ల వరసలా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఫిక్స్‌డ్ చార్జీలు, పాత ఖర్చుల సర్దుబాటు అంటూ తర్వాత వడ్డించే ట్రూ-అప్‌లు వేరే తలనొప్పి, వాటిని పక్కన పెడదాం. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఈ లెక్కన సుమారు 2,550 రూపాయలవుతుంది. ఆ ఇంటిమీద మూడు కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్ల దాకా వస్తాయి. మిగిలిన 40 యూనిట్లకు కట్టేది 87 రూపాయలు. నెలకు రెండున్నర వేల దాకా మిగులు. ఇలాంటి ఇంటాయనకు సదస్సు దేనికి? ఆయనే ఫోన్ చేసి పెట్టించుకుంటాడు, పెట్టించుకుంటున్నాడు కూడా.

అదే 100 యూనిట్లు కాల్చే ఇల్లు చూడండి. నెల బిల్లు 305 రూపాయలు. బిల్లు మొత్తం సున్నా అయినా ఏడాదికి మిగిలేది 3,660. దానికోసం సబ్సిడీ పోను కూడా వేలకు వేలు చేతినుంచి పెట్టమంటే, ఆ ఇల్లాలు ‘వద్దు బాబూ’ అంటుంది. దాన్ని మనం అవగాహన లోపం అంటున్నాం! ఆమె వేసిన లెక్క ఏ చార్టర్డ్ అకౌంటెంట్ వేసినా అంతే వస్తుంది.

ఈ ఇద్దరి మధ్యలో ఉంది అసలు బెజవాడ. రెండు పడక గదుల ఫ్లాటు, ఒక ఏసీ, ఫ్రిజ్, నెలకు 300 యూనిట్లు, సుమారు 1,673 రూపాయలు. ఐదంతస్తుల మేడలో ఇలాంటివి 15 ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. డాబా వైశాల్యం 2,700 చదరపు అడుగులు. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి కాబట్టి 15 కిలోవాట్లకు 1,500 అడుగులు పోతాయి. ట్యాంకులకు, లిఫ్టు గదికి, బట్టలకు, వడియాలకు ఇంకా 1,200 మిగులుతుంది. ఫ్లాటుకు ఒక్క కిలోవాట్ వాటా, అంటే నెలకు 120 యూనిట్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ 120 యూనిట్లు తగ్గేది బిల్లు పైమెట్టు నుంచి. 8.75 రూపాయల యూనిట్లన్నీ ముందు పోతాయి, తర్వాత 6 రూపాయలవి కొన్ని పోతాయి. 300 కాస్తా 180 అవుతుంది, బిల్లు 747కు దిగుతుంది. నెలకు 926 రూపాయల మిగులు. యూనిట్లు తగ్గింది 40 శాతం, డబ్బు తగ్గింది 55 శాతం! ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్లీ మొదట్నుంచీ వేశాను. తప్పు లేదు. మూడు కిలోవాట్లు ఒకే ఇంటిమీద పెట్టడంకంటే మూడిళ్లకు తలా ఒకటి పంచితేనే జనానికి ఎక్కువ మిగులుతుంది. మన టారిఫే పంచుకోమని చెబుతోంది.

పంచుకోవడానికి పద్ధతి కూడా ఉంది. దాన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. డాబా మీద ఒకే ప్లాంటు, ఒకే మీటరు. వచ్చిన యూనిట్లను కాగితం మీద వాటాల ప్రకారం ఎవరి బిల్లులో వాళ్లకు తగ్గిస్తారు. పై నుంచి ప్రతి ఫ్లాటుకూ వైర్లు లాగక్కర్లేదు. ఢిల్లీ 2019లోనే దీనికి మార్గదర్శకాలు రాసుకుంది. అద్దెకుండేవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. ఎందుకంటే వాటాకు డాబాతో ముడి లేదు, మీటరు నంబరుతోనే ముడి. సత్యనారాయణపురంలో ఇల్లు ఖాళీచేసి గుణదలకు మారితే గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నట్టు వాటా మార్చుకోగలగాలి. నిబంధన గెజిట్‌లో ఉంటే సరిపోదు. మా వీధి కరెంటు సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఫారం దొరకాలి, అక్కడి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) దాని పేరు తెలిసుండాలి.

దీనికి డిస్కంల, అంటే కరెంటు పంపిణీ సంస్థల తరఫున ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. ఎక్కువ కాల్చేవాళ్లు కట్టే 8.75, 9.75 రూపాయలతోనే పేదింటి 1.90 యూనిట్ నడుస్తోంది. వాళ్లంతా సోలార్‌కి పోతే ఆ భారం ఎవరిమీద పడాలి? పైగా ఎండ సాయంత్రం ఆరింటికి పోతుంది, ఊరంతా ఏసీ వేసేది ఆ తర్వాతే. నిజమే. కానీ ఈ వాదన నా పక్షానే సాక్ష్యం చెబుతోంది. ఇప్పటి పద్ధతిలో పెద్ద బిల్లు కట్టే ఇల్లు 87 రూపాయలకు పడిపోయి దాదాపు ఖాతాలోంచే పోతోంది. వాటాల పద్ధతిలో ఎవరూ పూర్తిగా పోరు. పదిహేను మందీ ఇంకా ఎంతో కొంత కడుతూనే ఉంటారు. రాత్రి సంగతికి నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీటిని ఎత్తిపోసి నిల్వచేసే ప్రాజెక్టులూ, బ్యాటరీలూ వస్తున్నాయి. పగలు నడిచే గిరాకీ మనకు తక్కువా? గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి కోసం కంప్రెసర్లు ఎండాకాలం పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. వాటి పైకప్పుల విస్తీర్ణం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎంత ఎండ వృథా!

ఇక బెజవాడ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం. అక్కడి బొగ్గు థర్మల్ ప్లాంటు మొదటి యూనిట్ 1979లో వచ్చింది. ఇటీవల కలిసిన 800 మెగావాట్లతో మొత్తం 2,560 మెగావాట్లు. మనకు వెలుగిచ్చిన ప్లాంటే, కాదనను. కానీ బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది, మన బొగ్గులో మూడోవంతు దాకా బూడిదే. అంటే నెలకు 300 యూనిట్లూ బొగ్గు నుంచే వస్తే ఒక్క ఫ్లాటు వెనకాల 60, 70 కిలోల బూడిద మిగులుతుంది. సిమెంటు బస్తా కంటే ఎక్కువ. దాన్ని ప్రతి నెలా మన గుమ్మం ముందు దింపితే ఊరుకుంటామా? బూడిద లారీల దారిలో, బూడిద చెరువు పక్కన బతికేవాళ్ల గుమ్మం ముందు దిగుతోంది కాబట్టి మనకు పట్టడం లేదు. సోలార్ మీద ‘ప్రజాభిప్రాయం’ అడిగేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి అడగాలి. అక్కడ తీగమీద ఆరేసిన బట్టలే సమాధానం చెబుతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఇంకో ప్రశ్న పుట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. సోలార్ ఉంటే ఫోనైనా చార్జ్ అయ్యేది కదా అని చాలామంది అనుకున్నారు. అయ్యేది కాదు. వీధి లైనుకు కలిపిన మామూలు నెట్ మీటర్ సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా పెట్టారు. ఈ ముక్క అమ్మేవాళ్లు ముందు చెప్పరు. ఇంటింటికీ బ్యాటరీ అందరి వల్లా కాదు. మేడ మొత్తానికి ఒక బ్యాటరీ ఉంటే మోటారు, మెట్ల లైట్లు, నాలుగు చార్జింగ్ పాయింట్లు నడుస్తాయి. ఇక్కడా ఒంటరిగా కాని పని కలిస్తే అవుతుంది.

అయితే కలవాలి కదా. ఇదంతా రాస్తున్నప్పుడు నన్ను తొలిచేది నిజానికి కరెంటు కాదు. మా ఊళ్లో అత్యంత చిన్న ప్రజాస్వామ్యం అపార్ట్‌మెంట్ అసోసియేషన్, అత్యంత పాడుపడిందీ అదే. డాబా ఉమ్మడి ఆస్తి అని 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) స్పష్టంగా రాసింది. అయినా బిల్డరు ‘టెర్రస్ రైట్స్’ అని ఒక ముక్క దస్తావేజులో ఇరికిస్తాడు. పై అంతస్తు ఆయన గ్రిల్ వేసి తాళం పెడతాడు. మిగతావాళ్లు ‘మనకెందుకులే’ అంటారు. అద్దెవాళ్లకు మీటింగులో నోరే లేదు, మెయింటెనెన్స్ మాత్రం నెల మొదటి తారీఖుకల్లా కట్టాలి. సంపు కడగడం దగ్గర్నుంచి గడువు తీరిన ఫైర్ సిలిండర్ దాకా ఇదే కథ. వార్డులో కార్పొరేటర్‌ను నిలదీసే మనిషి, తన మెట్ల మీద అధ్యక్షుణ్ని లెక్క అడగడు.

మా మేడ సంగతే చెబుతాను. రెండేళ్ల క్రితం సోలార్ గురించి మీటింగు పెడితే పదిహేను మందికి ఆరుగురు వచ్చారు. ఒకాయన స్లాబు కారుతుందన్నాడు. ఒకావిడ ఆవకాయ ముక్కలు ఎక్కడ ఎండబెట్టుకోవాలంది. ఆవిడది న్యాయమైన ప్రశ్నే, చోటు చూపించాను. స్లాబు గురించి మాట్లాడినాయన మాత్రం, ఆరేళ్ల క్రితం అదే స్లాబు మీద సెల్ టవర్‌కి ఒప్పందం మీద మొదటి సంతకం పెట్టినవాడు. ఆ అద్దె ఇప్పుడు మా కామన్ మీటర్ బిల్లుకే పోతోంది.

ఆ ఒప్పందం వచ్చే మార్చితో అయిపోతుంది. రెన్యువల్ మీద మీటింగు ఎటూ పెట్టాలి. ఎజెండాలో రెండో అంశంగా డాబా వాటాలు రాయించాను. ఈసారి అద్దెకున్న నాలుగు కుటుంబాలనూ పిలిచాను.