వాన కబురు మోసే మనిషిని ఎందుకు తీసేశారు?

మొన్నొక పెళ్లిలో భోజనాల దగ్గర పక్కాయన ఫోన్‌కి వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది. చూసి నవ్వేసి, "వీళ్లు వానంటే ఎండ కాస్తుందండీ, నిశ్చింతగా వడియాలు పెట్టుకోవచ్చు" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ముద్ద కూడా దిగలేదు. అక్కడ గొడవెందుకని ఊరుకున్నాను గానీ అప్పటి నుంచి ఆ మాట లోపల తొలుస్తూనే ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది దివిసీమ. మా ఇంట్లో ఆ జోకు ఎవరూ వేయరు.

1977 నవంబరు 19 రాత్రి మా నాయనమ్మ తన చెల్లెల్నీ, ఆ చెల్లెలి ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుంది. తాను తాడిచెట్టుకి చీర కొంగుతో కట్టేసుకుని బతికింది. పోయేదాకా నవంబరు వస్తే రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. "రేడియోలో తుపాను అన్నార్రా, గాలన్నారు. సముద్రం లేచి ఊళ్లోకి వస్తదని మాకర్థమయ్యేట్టు ఎవరు చెప్పారు?" అనేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గరే ఆగిపోయేది.

ఆ తుపాను తీరం దాటింది మా దగ్గర కాదు, చీరాల దగ్గర. మాకూ చీరాలకీ మధ్య అరవై కిలోమీటర్ల పైమాటే. అంత దూరాన తుపాను ఒడ్డెక్కితే ఉప్పెన మా మీదికెందుకు వచ్చిందని చిన్నప్పుడు అడిగేవాణ్ణి, చెప్పేవాళ్లు లేరు. తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. మన సముద్రాల్లో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది నడిచే దారికి కుడి పక్కన ఏ ఒడ్డు ఉంటే ఆ ఒడ్డు మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. ఆ రాత్రి కుడి పక్కన ఉన్నది దివిసీమ. ఐదు మీటర్ల ఎత్తున నీళ్లు లేచొచ్చాయి. పదివేల మందికి పైగా పోయారు.

ఈ కుడి ఎడమల సంగతి వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఎప్పటి నుంచో ఉంది. టీవీలో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక, ఆరో నంబరు ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వస్తుంది కదా, అందరూ నంబరు పెరిగే కొద్దీ గాలి పెరుగుతుందనుకుంటారు. అది సగమే నిజం. 5, 6, 7 మూడూ పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచికలే. 5 అంటే తుపాను పోర్టును తనకు ఎడమ పక్కన ఉంచి దాటుతుందని, 6 అంటే కుడి పక్కన ఉంచి దాటుతుందని, 7 అంటే పోర్టు మీదుగానో దాని పక్కగానో దాటుతుందని. 8, 9, 10 కూడా అదే వరస, కాకపోతే మహా ప్రమాదం. ఇక 11 ఎగరేశారంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇన్నేళ్లుగా ప్రతి తుపానుకీ ఈ నంబర్లు చదువుతున్న చానళ్లలో ఒక్కరైనా నిమిషం ఆగి ఈ ముక్క చెప్పగా నేను వినలేదు. ఆరో నంబరంటే "సముద్రం మనవైపే వస్తుంది" అని మా దివిసీమ నాగాయలంకలో ప్రతి ఇంటికీ తెలియాలి. తెలియదు.

అసలు ఈ శాఖ పుట్టడంలోనే మా తీరం చావులున్నాయి. 1864 అక్టోబరులో ఒక తుపాను కలకత్తాను ముంచింది. నెల తిరక్కుండానే ఇంకోటి బందరును ముంచింది. ఆ తర్వాత వానలు ఎగ్గొట్టి కరువులొచ్చాయి. ఈ దెబ్బల మీదే 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. నూటయాభై ఏళ్లు దాటింది. మన పంచేటి కోటేశ్వరం గారు ఆ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. రుతుపవనాల కాలంలో మన నెత్తిన చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు దూసుకుపోయే జెట్ గాలిని ప్రపంచానికి చూపించింది ఆయనే. తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

"వీళ్లకేం తెలుసు" అనేవాళ్ల కోసం ఒక్క పోలిక. 1999లో ఒడిశా మీదికి సూపర్ సైక్లోన్ వచ్చినప్పుడు పదివేల దాకా చచ్చిపోయారు. 2013 అక్టోబరు 12న అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. అదీ భీకరమైనదే. పోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ఎక్కడ దాటుతుందో, ఎంత గాలి ఉంటుందో రోజుల ముందే చెప్పారు, దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించారు. మరుసటి ఏడు సరిగ్గా అదే తారీకున హుద్‌హుద్ విశాఖ మీదికొస్తుందని కూడా ముందే చెప్పారు. ఇళ్లు పోయాయి, చెట్లు పోయాయి, విశాఖ పచ్చదనమంతా పోయింది. మనుషులు మిగిలారు. ఆ మిగిలినవాళ్లలో మా పిన్ని కుటుంబం ఉంది.

అలా మిగలాలంటే రోజూ ఎవరో కొందరు విసుగు లేకుండా ఒకే పని చేస్తూ ఉండాలి. పొద్దున ఎనిమిదిన్నరకి దేశమంతా వానమానిలో నీళ్లు కొలుస్తారు. పేపర్లో "గత 24 గంటల్లో" అని వచ్చేది ఆ ఎనిమిదిన్నర నుంచి ఈ ఎనిమిదిన్నర దాకా పడ్డ వాన. తెల్లవారుజామున ఐదున్నర లెక్కకీ, సాయంత్రం ఐదున్నర లెక్కకీ బెలూన్లకు పరికరాలు కట్టి ఆకాశంలోకి వదులుతారు. పైన గాలి ఎటు వీస్తోంది, ఎంత తేమ ఉంది, ఎంత చల్లగా ఉందని అవి చెబుతాయి. విశాఖలో, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్లు తిరుగుతూనే ఉంటాయి. తుపాను ఉందంటే మూడు గంటలకో బులెటిన్, తీరానికి దగ్గరైతే గంటకోటి. దీపావళైనా సరే, ఆ కుర్చీలో మనిషి ఉండాల్సిందే.

సరే, ఇంతవరకు మెచ్చుకోలు. నా బాధ ఇక్కడి నుంచి.

తుపానుకు ఒక గొలుసు ఉంది. ఢిల్లీలో అంచనా కడతారు, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం, అమరావతి కేంద్రం దాన్ని మన తీరానికి విడమర్చుతాయి. అక్కడి నుంచి విపత్తుల సంస్థకి, కలెక్టరుకి, తహసీల్దారుకి, ఊరి సచివాలయానికి చేరుతుంది. చివరికి ఆటోకి మైకు కట్టి మా వీధిలో చెబుతారు. ఎక్కడా తెగదు. అందుకే మనుషులు బతుకుతున్నారు. కానీ రైతుకి కావాల్సిన కబురు తుపాను రోజున మాత్రమే కాదు. నారు పోయాలా, మందు కొట్టాలా, యూరియా చల్లాలా, రేపు కోత మిషన్ని రమ్మనాలా అన్నది ప్రతి వారం ఉండే ప్రశ్న. పొద్దున మందు కొట్టి మధ్యాహ్నం వానొస్తే డబ్బు మురుగు కాలవలో పోసినట్టే. ఆ ప్రశ్నకి జవాబు మోసుకొచ్చే గొలుసులో ఆఖరి లంకెని మనమే తెంపేసుకున్నాం.

ఏంటా లంకె? వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వాతావరణ శాఖ రైతులకు వ్యవసాయ సలహాలు ఇస్తుంది. వాటిని జిల్లా స్థాయిలో తయారుచేయడానికి 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టుకుంటూ వచ్చారు. దేశం మొత్తం మీద 199. ఒక్కో యూనిట్లో ఉండేది ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు, అంతే. 2024 మార్చితో వాటిని మూసేయమని ఆదేశం వచ్చింది. డేటా అంతా ఆటోమేటిక్‌గా వస్తోంది కదా అన్నది ఒక వాదనగా వినిపించింది.

డేటా వస్తుందండీ. డేటా వచ్చి మా నాన్నతో మాట్లాడదు కదా.

2023 డిసెంబరు చెబుతాను. మాకు నాలుగెకరాలు, 1061 రకం వరి వేశాం. రెండెకరాలు కోసి పనల మీద ఉంది, రెండెకరాలు చేలో నిలబడి ఉంది. మిచౌంగ్ వస్తోందని తెలిసింది. ఊళ్లో అందరికీ ఒకటే కంగారు. కోత మిషన్ల అద్దె రాత్రికి రాత్రి పెరిగిపోయింది. నాన్న కూడా అప్పు చేసైనా నిలబడ్డ చేను కోయించేద్దామన్నాడు. ఆ సమయంలో మా రైతుల వాట్సాప్ గ్రూపులో యూనిట్ నిపుణుడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "కోసిన పనలు ఈరోజే కుప్పేసి బరకాలు కప్పండి. కోయని చేను ఇప్పుడు కోయొద్దు, గట్లకి గండ్లు పెట్టి నీళ్లు పోయే దారి చూడండి. పడిపోయి తడిస్తే లీటరు నీళ్లకి యాభై గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టండి, మొలకెత్తకుండా ఆగుతుంది." రెండు నిమిషాల మాట. మన యాసలో, పేరు పెట్టి పలకరించినట్టుగా.

నాన్న అలాగే చేశాడు. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తుపాను తీరం దాటింది. మళ్లీ కుడి పక్కన మేమే. నిలబడ్డ చేను పడిపోయింది. నీళ్లు తీసి, ఉప్పునీళ్లు కొట్టి, ఆరాక కోయిస్తే పూర్తిగా కాకపోయినా చేతికి గింజలొచ్చాయి. కుప్పకి ఏమీ కాలేదు. రాత్రికి రాత్రి కోయించిన మా ఎదురింటి బాబాయి ధాన్యం పచ్చిది. ఆరబెట్టడానికి ఎండ లేదు. 17 శాతానికి మించి తేమ ఉంటే కొనరు. కొనుగోలు కేంద్రం దగ్గర ఆ బస్తాలు మూడు రోజులు ఉండి మొలకలొచ్చాయి. ఆయన కూడా హెచ్చరిక విన్నవాడే. తుపాను వస్తుందని ఇద్దరికీ ఒకేలా తెలుసు. ఏం చేయాలో చెప్పిన మాట ఒకరికి చేరింది, ఒకరికి చేరలేదు. బాబాయి దగ్గర మామూలు బటన్ల ఫోన్ ఉండేది. ఆయనకి వెళ్లి చెప్పాల్సింది నేను. నాకు తట్టలేదు. ఇప్పటికీ ఆయన ముందు కూర్చుంటే ఆ మాట గుర్తొస్తుంది.

"రైతు సలహాలకి మేఘదూత్ యాప్ ఉంది కదా" అంటారు. ఉంది, తెలుగులోనే ఉంది, నాన్న ఫోన్లో నేనే వేశాను. పిడుగులకి దామిని యాప్ కూడా వేశాను. రెండూ మంచివే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల దగ్గర దాదాపు 130 యూనిట్లు ఇంకా సలహాలిస్తున్నాయి, కాదనను. కానీ ఒక్కో యూనిట్ కొన్ని జిల్లాలకు కలిపి చెప్పాలి. మా లంక భూమికీ, మెట్ట పొలానికీ ఒకే మాట సరిపోతుందా? సముద్రపు పోటుకి మురుగు కాలవ ఎదురు తన్నే ఊళ్లో "నీళ్లు బయటికి పంపండి" అంటే ఎప్పుడు పంపాలి? పోటు తీసే వేళ తెలిసిన మనిషి చెప్పాలది.

ఇక ఆ బులెటిన్ భాష. "ఒకటి లేదా రెండు చోట్ల తేలికపాటి నుండి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." ఇది విని మన ఊళ్లో వాన పడకపోతే శాఖని తిడతాం. కానీ ఆ మాటకి వాళ్ల దగ్గర కొలత ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకి మించి పడదని. అంటే నాలుగింట మూడు ఊళ్లకి పడకపోవచ్చని వాళ్లు ముందే చెప్పారు. కొన్ని చోట్ల అంటే సగం లోపు. చాలా చోట్ల అంటే ముప్పావు దాకా. భారీ వర్షం అంటే జోరుగా పడే వాన కాదు, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటింది. 204.4 దాటితే అత్యంత భారీ. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని. ఇవన్నీ వాళ్లకి తెలుసు, మనకు తెలియదు. ఆ తేడా పూడ్చాల్సిన బాధ్యత మాత్రం శాఖదే అంటాను నేను. శాస్త్రం అంత కష్టపడి చేసి మాట దగ్గర ఇంత పొదుపు ఎందుకు? ప్రతి బులెటిన్ కింద రెండు లైన్లు వివరంగా రాస్తే ఏం పోయింది?

ఆ ఖాళీలోకే యూట్యూబ్ వాళ్లు దూరుతున్నారు. సొంతంగా మ్యాపులు చదివి నిజాయితీగా చెప్పే కుర్రాళ్లు కొందరున్నారు, వాళ్లకి దండం. కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే చాలు "మహా ప్రళయం" అని ఎర్రక్షరాలతో వీడియో పెట్టేవాళ్లున్నారు. అల్పపీడనం వేరు, వాయుగుండం వేరు, గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకున్నాకే అది తుపాను. పుట్టిన ప్రతి అల్పపీడనం తుపాను కాదు. మూడుసార్లు ఉత్తుత్తి ప్రళయం చూసిన మత్స్యకారుడు నాలుగోసారి నిజం హెచ్చరికకి బోటు ఒడ్డుకి లాగుతాడా? వేట ఒక రోజు మానితే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. ఆయన నమ్మకం చాలా ఖరీదైనది.

వాతావరణ అంచనాలు మెరుగుపరచడానికి రెండువేల కోట్లతో మిషన్ మౌసమ్ అనే పథకాన్ని 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించింది. దేశాన్ని ఆరు కిలోమీటర్ల గడులుగా విడగొట్టి అంచనా ఇచ్చే కంప్యూటర్ మోడల్ 2025 మేలో తెచ్చారు. మంచిదే, నాకు సంతోషమే. రాడార్లు ఇంకా రావాలి, మోడళ్లు ఇంకా మెరుగవ్వాలి. అందులో నుంచే జిల్లాకి ఇద్దరు మనుషుల జీతం తీయలేమా? మూసిన యూనిట్లు తెరవండి, వాళ్లని కాంట్రాక్టు మీద కాకుండా పర్మినెంటుగా పెట్టండి. మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న ఇది. మీ ఎంపీకి ట్యాగ్ చేయండి, నేనూ చేస్తున్నాను.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు మా ఊరి గొలుసు మళ్లీ బాగానే పనిచేసింది. మైకు ఆటో వచ్చింది, ముసలివాళ్లని బడికి చేర్చారు, అన్నం పెట్టారు. ఆ రాత్రి నాన్న కరెంటు లేని ఇంట్లో ఫోన్ పట్టుకుని పాత వాట్సాప్ గ్రూపు తెరిచాడు. చేను ఈనిక మీద ఉంది, గాలికి పువ్వు రాలితే తర్వాత ఏం చేయాలో అడుగుతూ వాయిస్ పెట్టాడు. గ్రూపులో ఆ నిపుణుడి చివరి మెసేజ్ 2024 మార్చిలోది. పొద్దున్నే నాన్న మళ్లీ గ్రూపు తెరిచి చూశాడు. చేలోకి వెళ్లేలోపు ఇంకోసారి చూశాడు.